ముక్క తీసిన చోట ఏం పెడుతున్నారు?

మాంసం తగ్గించాలనుకుంటున్నాం, ఎలా అంటూ బెంగళూరు తెలుగువాళ్ళ దగ్గర్నుంచి వచ్చిన ఉత్తరాల్లో పదింటికి ఈ సంచికలో జవాబులు. ఇక్కడ మాట్లాడేది తగ్గించడం గురించే. పూర్తిగా మానడం మానకపోవడం మీ ఇష్టం. ఉత్తరాలన్నీ చదివాక ఒక సంగతి తేలింది. ముక్క ఎంత తగ్గించాలో అందరూ లెక్కేసుకుంటున్నారు, ఆ ఖాళీలోకి ఏం వస్తోందో చూసుకునేవాళ్ళు తక్కువ. చాలా ఇళ్ళలో వస్తున్నది ఇంకో గరిటె అన్నం, పక్కన బంగాళాదుంప వేపుడు.

మేం నలుగురం. ఆదివారం కిలో మటన్, బుధవారం కిలో చికెన్ తెస్తాం. మావారికి కొలెస్ట్రాల్ ఉందని డాక్టరుగారు మటన్ తగ్గించమన్నారు. ముక్కలు తక్కువేస్తే పిల్లలు కంచం ముందు అలుగుతున్నారు. రుచి పోకుండా సగానికి తగ్గించడం ఎలాగండీ?
– ఒక గృహిణి, కె.ఆర్.పురం

ఎముకతో కిలో మటన్ తెస్తే అందులో కండ ఏడువందల గ్రాముల దాకా ఉంటుంది. ఉడికాక అది అరకిలోకి దిగుతుంది. మనిషికి 125 గ్రాములు. ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి సలహా ప్రకారం మటన్ లాంటి ఎర్ర మాంసం వారానికి, వండాక తూచితే, 350 నుంచి 500 గ్రాములు దాటకూడదు. ఆదివారం కూర ఒక్కటే అయితే మీరు గీత దాటలేదన్నమాట. వారం మధ్యలో బయటి నుంచి తెప్పించే మటన్ బిర్యానీ, శుక్రవారం రాత్రి ఖీమా కలిస్తేనే దాటతారు. మీవారి సంగతి వేరు. ఆయన విషయంలో ముక్కల లెక్క కంటే కొవ్వు లెక్క ముఖ్యం.

రుచికి ముక్క, కడుపుకి తోడు అన్న పద్ధతి మనకు కొత్తేం కాదు. గోంగూర మటన్, చింతచిగురు మటన్, దోసకాయ మటన్, సొరకాయలో గుప్పెడు ఎండురొయ్యలు, ఇవన్నీ అలా పుట్టిన కూరలే. కాకపోతే గోంగూరతో, దోసకాయతో కూర పెరుగుతుంది గానీ ప్రోటీన్ పెరగదు. అందుకని తోడుగా పప్పు వేసే కూరను ఎంచుకోండి. అన్నిటికంటే తేలిక దాల్చా.

నలుగురికి ఎముకతో అరకిలో మటన్, 200 గ్రాముల శనగపప్పు, 300 గ్రాముల లేత సొరకాయ, రెండు ఉల్లిపాయలు, రెండు టమాటాలు, నిమ్మకాయంత చింతపండు చాలు. శనగపప్పు గంటసేపు నానాలి. మటన్‌ను ఉల్లిపాయ, అల్లంవెల్లుల్లి, పసుపు, కారం, ఉప్పుతో వేయించి, నీళ్ళు పోసి ఐదారు విజిల్స్ రానివ్వండి. ముదురు మాంసమైతే ఎనిమిది. పప్పును విడిగా రెండు మూడు విజిల్స్‌కి దించేయండి. బద్ద వేళ్ళ మధ్య నలగాలి, కానీ ఆకారం పోకూడదు. రెండూ కలిపి, సొరకాయ, టమాటా వేసి పది పన్నెండు నిమిషాలు ఉడికించి, చివర్లో చింతపండు పులుసు పోసి ఐదు నిమిషాలు మరిగించండి.

చెడేది రెండు చోట్ల. పప్పూ మటనూ ఒకేసారి కుక్కర్లో వేస్తే ముక్క ఉడికేలోపు పప్పు చిదికి అడుగంటుతుంది. పులుసు ముందే పోస్తే పులుపుకి బద్ద బిగిసిపోయి ఎంతసేపు ఉడికించినా పలుకు పోదు.

లెక్క చూడండి. కిలో మటన్‌లో కండ నుంచి వచ్చే ప్రోటీన్ 140 గ్రాముల వరకు. అరకిలో మటన్‌కి 70, శనగపప్పుకి 43, మొత్తం 113. ముక్క సగమైంది, ప్రోటీన్ తగ్గింది ఐదో వంతే. పైగా మాంసంలో బొత్తిగా లేని పీచు వచ్చింది. ఆ పీచులో కొంత భాగం కొలెస్ట్రాల్ తగ్గడానికీ సాయపడుతుంది.

ఇక కొవ్వు. మటన్‌ను శనివారం రాత్రే ఉడికించి, చల్లారాక రసంతో సహా ఫ్రిజ్‌లో పెట్టండి. తెల్లారేసరికి పైన తెల్లగా గడ్డకట్టిన పొర అట్టులా లేస్తుంది. దాన్ని తీసి పారేయండి. ‘అదే కదా రుచి’ అంటారు ఇంట్లో. ఒక చెంచా ఉంచండి, మిగతాది తీయండి.

పిల్లల అలకకి చిన్న కిటుకు: అరకిలోని పెద్ద ముక్కలుగా కాకుండా చిన్నగా కొట్టించండి. ప్రతి కంచంలో లెక్కకి నాలుగైదు ముక్కలు పడతాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా బెంగళూరు బజార్లనిండా అనపకాయలే, ఇక్కడివాళ్ళు అవరెకాయ అనేవి. గింజలు వలిచి రాత్రి నానబెట్టి తోలు పితికితే చిత్తూరువాళ్ళ పితికిపప్పు. పావుకిలో మటన్‌లో అంతకు రెట్టింపు పితికిపప్పు వేసి పులుసు పెట్టి, రాగిసంగటితో వడ్డిస్తే ముక్కలు ఎవరూ ఎంచరు.

ఉలవలు, అలసందలు రాత్రంతా నానబెట్టినా పది విజిల్స్‌కి కూడా మెత్తబడటం లేదు. మా ఊళ్ళో నాలుగు విజిల్స్‌కే ఉడికేవి. కుక్కర్ మార్చాలా? పైగా తింటే కడుపుబ్బరం.
– ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్

మార్చాల్సింది కుక్కర్ కాదు, నీళ్ళు. మీ అపార్ట్‌మెంటుకి వచ్చేది బోరు నీళ్ళో ట్యాంకర్ నీళ్ళో అయి ఉంటుంది. కావేరి నీళ్ళతో పోలిస్తే వాటిలో కాల్షియం, మెగ్నీషియం బాగా ఎక్కువ. గింజలోని కణాల గోడలను అంటిపెట్టుకుని పెక్టిన్ అనే పదార్థం ఉంటుంది. అది కరిగితేనే గింజ మెత్తబడుతుంది. ఈ లవణాలు పెక్టిన్‌ను పట్టి బిగించేస్తాయి. గీజర్ రాడ్‌కీ బకెట్ అడుగుకీ పట్టే తెల్ల చారే మీ ఉలవలకీ పడుతోందనుకోండి.

అందుకని నానబెట్టడానికీ ఉడికించడానికీ తాగేనీళ్ళే వాడండి. నానబెట్టే నీళ్ళలో లీటరుకు రెండు టీస్పూన్ల ఉప్పు కలపండి. ఉప్పు వేస్తే గింజ ఉడకదని పెద్దవాళ్ళంటారు గానీ నానేటప్పుడు వేసిన ఉప్పు చేసే పని దానికి ఎదురు: ఉప్పులోని సోడియం పెక్టిన్ దగ్గరున్న కాల్షియాన్ని తోసేసి ఆ చోటు తీసుకుంటుంది. పది పన్నెండు గంటలయ్యాక ఆ నీళ్ళు పారబోసి, కడిగి, కొత్త నీళ్ళతో వండండి. అప్పటికీ మొండికేస్తే ఉడికేటప్పుడు కప్పు గింజలకు చిటికెడు వంటసోడా. చిటికెడు దాటితే సబ్బు వాసనొస్తుంది, బి1 విటమిన్ కూడా నశిస్తుంది.

ఇంకో రెండు కారణాలున్నాయి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడ మూతలేని గిన్నెలో నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, కాబట్టి గింజలకు కుక్కర్ తప్పదు. రెండోది పాత సరుకు. వేడిలో, చెమ్మలో నెలల తరబడి నిలవున్న గింజ ఏం చేసినా పూర్తిగా మెత్తబడదు. ముడతలు పడి, రంగు ముదిరిన సరుకు తీసుకోకండి. రాజ్మా వండేటట్టయితే మాత్రం నానిన నీళ్ళు పారబోయడం, కనీసం పది నిమిషాలు తెర్లించడమో కుక్కర్లో వండడమో తప్పనిసరి. సగం ఉడికిన రాజ్మాలో వాంతులు తెప్పించే విషపదార్థం ఉంటుంది.

కడుపుబ్బరానికి కారణం మనం అరిగించుకోలేని ఒక రకం చక్కెరలు. అవి పెద్దపేగు దాకా అలాగే పోతాయి, అక్కడి సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి గ్యాస్ చేస్తాయి. నానబెట్టిన నీళ్ళు ఒంపేస్తే కొంత పోతాయి, మొలకెత్తిస్తే ఇంకొంత. నిన్నటిదాకా చికెన్ తిని ఇవాళ గిన్నెడు ఉలవలు తింటే ఎవరికైనా ఉబ్బరిస్తుంది. ఉడికినవి అరకప్పుతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో పెంచండి.

మారతహళ్ళిలో ఆంధ్రా పీజీలో ఉంటాను. వయసు 26, బరువు 65 కిలోలు. బుధ, ఆదివారాల్లో చికెన్ పెడతారు, మిగతా రోజుల్లో రాత్రిపూట యాప్‌లో తెప్పించుకుంటాను. అది మానేద్దామనుకుంటే, ప్రోటీన్ చాలదని జిమ్‌లో భయపెడుతున్నారు. గదిలో స్టవ్ పెట్టుకోనివ్వరు. కెటిల్ మాత్రం ఉంది.
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

కిలో బరువుకు రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ అని భారత వైద్య పరిశోధన మండలి లెక్క. మీకు 54 గ్రాములు. బరువులెత్తే కసరత్తు గట్టిగా చేస్తుంటే 75 నుంచి 80 దాకా పెంచుకోవచ్చు.

పీజీ తిండిలో ఎంత వస్తుందో చూద్దాం. పొద్దున నాలుగు ఇడ్లీలకు 8 గ్రాములు. రెండు పూటల అన్నం, అంటే 200 గ్రాముల బియ్యం అనుకుంటే, 15. పీజీ పప్పులో పప్పు వెతుక్కోవాలి కాబట్టి రెండు గరిటెలకు 6 కంటే ఎక్కువ వేయలేం. కప్పు పెరుగుకి 5. మొత్తం 34. తగ్గింది 20. రెండు కోడిగుడ్లు 13, ముప్ఫై గ్రాముల వేయించిన శనగలు 6. సరిపోయింది. దీనికి యాప్ తెరవక్కర్లేదు.

కసరత్తు చేసేవాళ్ళకి కావలసిన మిగతా పాతిక గ్రాములకు మీల్ మేకర్ పనికొస్తుంది. పొడిదైతే వందకు యాభై గ్రాములకు పైగా ప్రోటీనే. 30 గ్రాములు గిన్నెలో వేసి, చిటికెడు ఉప్పు, కెటిల్లో మరిగిన నీళ్ళు పోసి పావుగంట మూతపెట్టండి. తర్వాత గట్టిగా పిండి, చన్నీళ్ళలో కడిగి, మళ్ళీ పిండండి. చాలామంది ఒక్కసారి పిండి వదిలేస్తారు. లోపల మిగిలిన నీళ్ళలోనే ఆ పచ్చి సోయా వాసన ఉంటుంది. రెండోసారి పిండాక పీజీ వాళ్ళ చికెన్ గ్రేవీలోనో పప్పుచారులోనో కలుపుకోండి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు మాత్రకీ సోయాకీ మధ్య నాలుగు గంటల ఎడం ఉంచాలి.

పెసల మొలకలు గదిలోనే వస్తాయి. ఎనిమిది గంటలు నాని, తడిగుడ్డలో పన్నెండు గంటలు. డిసెంబరు చలిలో ఒక రోజంతా పట్టొచ్చు. పచ్చిగా తినకండి. మొలకెత్తే తేమ, వెచ్చదనం రోగకారక బ్యాక్టీరియాకీ ఇష్టమే. మరిగే నీళ్ళలో ఐదు నిమిషాలు ఉంచి, ఒంపి, నిమ్మరసం పిండుకోండి.

మటన్ బదులు పనీర్, చికెన్ బిర్యానీ బదులు పనసకాయ బిర్యానీ చేస్తున్నాం. సరైన దారేనా?
– ఒక దంపతులు, బెళ్ళందూరు

పనసకాయ నమలడానికి మాంసంలా ఉంటుంది, అంతవరకే. అందులో ప్రోటీన్ వందకు రెండు మూడు గ్రాములే; పుట్టగొడుగులదీ అదే కథ. వండుకోండి, బావుంటుంది, కానీ పక్కన గుడ్డో పెరుగుపచ్చడితో పాటు శనగల కూరో ఉండాలి. పనీర్‌లో ప్రోటీన్ వందకు 19 గ్రాములు ఉన్నమాట నిజమే. కొవ్వూ దాదాపు అంతే లేదా ఎక్కువ, అందులోనూ సంతృప్త కొవ్వు. కొలెస్ట్రాల్ కోసం మటన్ మానేసి పనీర్ బటర్ మసాలాకు మారినవాళ్ళు పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే. వారానికి ఒకసారి, మనిషికి 50 గ్రాములు.

నాకు రక్తం తక్కువ, హిమోగ్లోబిన్ 9.8. మేక కార్జం తినమని అత్తయ్య, మాంసం తగ్గించమని మా అమ్మాయి. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, యలహంక

ముందు డాక్టరు మాట. 9.8 అంటే తిండితో సరిచేసే దశ దాటింది, ఐరన్ మాత్రలు కావాలి. కారణమేమిటో తెలియడానికి, ఒంట్లో ఇనుము నిలవ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించండి. నెలసరి అధికంగా అవుతోందేమో కూడా చెప్పండి. తిండి ఆ తర్వాత, మళ్ళీ పడిపోకుండా.

ఆడవాళ్ళకి రోజుకి 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, మగవాళ్ళకి 19. మటన్‌లో ఇనుము వందకు రెండు మూడు మిల్లీగ్రాములే, ఉలవల్లో ఎనిమిది పైన. అయితే మాంసంలోని ఇనుము ఒంటికి పట్టేది 15 నుంచి 35 శాతం, గింజల్లో ఆకుల్లో ఉన్నది 2 నుంచి 20 శాతం. ఆ రెండుకీ ఇరవైకీ మధ్య తేడా మీ చేతుల్లోనే ఉంది. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం వల్ల ఇనుమును కట్టేసే ఫైటేట్ తగ్గుతుంది. అదే ముద్దలో నిమ్మరసమో టమాటానో పచ్చి ఉసిరో ఉంటే ఇనుము పట్టడం పెరుగుతుంది. భోంచేసి లేవగానే ఫిల్టర్ కాఫీ తాగితే ఆ లాభమంతా పోతుంది. ముందూ వెనకా గంట ఎడం ఉండాలి. కాల్షియం మాత్ర కూడా ఆ పూట వద్దు.

మీ ఇంటి తగువు తీర్చే సంగతి ఒకటుంది. కూరలో కాస్త మాంసం ఉంటే పక్కనున్న పప్పులోని ఇనుము కూడా ఎక్కువగా పడుతుంది. యాభై గ్రాముల ముక్క చాలు. అంటే పైన చెప్పిన దాల్చా మీ అత్తయ్యకీ మీ అమ్మాయికీ ఇద్దరికీ నచ్చాలి. కార్జం పదిహేను రోజులకోసారి తినొచ్చు, గర్భిణులు మాత్రం తినకూడదు. అందులో ఎ విటమిన్ మోతాదు బిడ్డకు హాని చేసేంత ఉంటుంది. బీట్‌రూట్ ఎర్రగా ఉంటుంది గానీ ఇనుము వందకు ఒక మిల్లీగ్రామైనా లేదు.

కార్తీకమాసంలో మొదలుపెట్టి నీసు పూర్తిగా మానేశాను, గుడ్డు కూడా. మూడేళ్ళయింది. వయసు 52, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడతాను. ఆరు నెలలుగా పాదాల్లో సూదులు గుచ్చినట్టుంది. షుగర్ వల్లేనా?
– ఒక పాఠకుడు, హొరమావు

షుగర్ వల్ల కావచ్చు, బి12 లోపం వల్లా కావచ్చు. రెండూ పాదాల దగ్గర ఒకేలా కనిపిస్తాయి, అందుకే పరీక్ష చేయించకుండా షుగర్ మీదికి తోసేయకండి. బి12 మొక్కల్లో దొరకదు. స్పిరులినాలో ఉందంటారు గానీ అది ఎక్కువగా ఒంటికి పనికిరాని రూపం. కాలేయంలో నిలవ ఉంటుంది కాబట్టి మానేసిన వెంటనే తెలియదు, రెండు మూడేళ్ళకి బయటపడుతుంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బి12 పట్టడం తగ్గుతుంది, గ్యాస్ కోసం రోజూ వేసుకునే మాత్రలతోనూ అంతే. మీ విషయంలో రెండు దారులూ ఒకేచోట కలిశాయి.

పెద్దవాళ్ళకి రోజుకి కావలసింది 2.2 మైక్రోగ్రాములు. అరలీటరు పాలు లేదా పెరుగులో దాదాపు రెండు ఉంటుంది, మరిగించినప్పుడు కొంత పోతుంది. లోపం తేలితే పాలతో పూడదు, మాత్రో ఇంజెక్షనో డాక్టరు చెబుతారు. ఈలోగా రక్తం పట్టడానికని ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేసుకోకండి. రక్తం లెక్క బాగుపడ్డట్టు కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి.

యూరిక్ యాసిడ్ 8.4. బొటనవేలు రెండుసార్లు వాచింది. మటన్‌తో పాటు పప్పులు, పాలకూర కూడా మానేయమన్నారు. ఇక తినేదేముంది?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, బాణసవాడి

పప్పు తినండి. అమెరికాలో 47 వేల మంది మగవాళ్ళను 12 ఏళ్ళు గమనించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో మాంసం, చేపలు, రొయ్యలు ఎక్కువగా తిన్నవాళ్ళకి గౌట్, అంటే యూరిక్ యాసిడ్ పేరుకుని కీళ్ళు వాచే మీ జబ్బే, ఎక్కువ వచ్చింది. ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే ప్యూరిన్లు ఎక్కువున్నా, కూరగాయలు, పప్పుల వల్ల రాలేదు. పాలు, పెరుగు వాడేవాళ్ళకి తగ్గింది. మానాల్సినవి కార్జం, బోటి, మెదడు, నెత్తళ్ళు, బీరు, కూల్‌డ్రింకులు. పాయా సూప్ సంగతి చాలామంది మరిచిపోతారు: ముక్కలోని ప్యూరిన్లు ఉడికేటప్పుడు రసంలోకి దిగుతాయి, కాబట్టి ముక్క వదిలేసి సూప్ తాగడం వల్ల ఒరిగేదేం లేదు. వాపున్న రోజుల్లో మాంసం అసలే వద్దు, తగ్గాక వారానికి రెండుసార్లు, పూటకి 75 గ్రాములు.

మా ఊరు అనంతపురం జిల్లా. గొర్రెలు బీట్లో గడ్డి మేసి బతుకుతాయి, ఎవరి నీళ్ళూ ఎవరి పొలమూ తినవు. మరి మటన్ వల్ల వాతావరణం పాడవుతుందని కాలేజీలో చెబుతున్నారు. నిజమెంత?
– ఒక విద్యార్థిని

రెండూ నిజమే. గొర్రె, మేక, ఆవు, గేదె నెమరు వేస్తాయి. పొట్టలో గడ్డి పులిసేటప్పుడు మీథేన్ పుట్టి తేన్పుల్లో బయటికొస్తుంది. మీథేన్ గాలిలో పన్నెండేళ్ళే ఉంటుంది, కానీ వందేళ్ళ లెక్కన బొగ్గుపులుసు వాయువుకి 27 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది. గొర్రె బీట్లో మేసినా కొట్టంలో మేసినా తేన్పు తప్పదు. పైగా బీటి గొర్రె నెమ్మదిగా పెరుగుతుంది, కాబట్టి కిలో మాంసం చేతికొచ్చేలోపు ఎక్కువ రోజులు తేన్చుతుంది.

2018లో పూర్, నెమెచెక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రపంచవ్యాప్తంగా 38 వేలకు పైగా వ్యవసాయ క్షేత్రాల లెక్కలు పోగేశారు. వంద గ్రాముల ప్రోటీన్‌కి వెలువడే వాయువులు, కిలోల్లో: పశుమాంసం 50, గొర్రె మేక మాంసం 20, చీజ్ 11, చెరువుల్లో పెంచే చేపలు 6, కోడి 5.7, గుడ్డు 4.2, పప్పుధాన్యాలు ఒకటి లోపు. ఇవి ప్రపంచ సగటులు. మీ ఊరి మందకి అచ్చంగా ఇవే వర్తిస్తాయని కాదు, వరస మాత్రం ఎక్కడైనా దాదాపు ఇదే. ఆశ్చర్యమేమిటంటే పెంచిన రొయ్యలు 18, అంటే మటన్ పక్కనే. మేత, చెరువులో రాత్రింబగళ్ళు తిరిగే ఏరేటర్ల కరెంటు, చెరువు అడుగు బురదలోంచి వచ్చే వాయువులు అన్నీ కలిసి అంత.

నీళ్ళ లెక్కలో మీ మాటకి బలముంది. గ్రాము ప్రోటీన్‌కి పప్పులకు 19 లీటర్లు, గుడ్డుకి 29, కోడికి 34, గొర్రె మేక మాంసానికి 63 అంటారు. ఆ 63లో ఎక్కువభాగం బీటి గడ్డి మీద పడ్డ వాన. ఆ వానతో అక్కడ వరి పండదు. 2019 పశుగణనలో దేశంలో గొర్రెలు 7.42 కోట్లు, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక మొదటి మూడు స్థానాల్లో ఉన్నాయి. కరువుసీమలో వాన రాని ఏడాది మందే ఇల్లు నిలబెడుతుంది. కాబట్టి మటన్ తినేవాళ్ళంతా ఒక్కసారిగా మానేయాలనడం మాకు సబబనిపించదు. పెళ్ళిళ్ళలో కంచానికి మూడు రకాల నాన్‌వెజ్ పెట్టి సగం పారబోయడం మాత్రం అటు గొర్రెలకాపరికీ ఇటు భూమికీ పనికిరాని పని.

బెంగళూరులో మీ కంచం వరకు చెప్పాలంటే: వారంలో ఒక మటన్ పూటని చికెన్‌గా మారిస్తే వాయువులు మూడోవంతు లోపుకి పడతాయి, గుడ్డుగా మారిస్తే ఐదో వంతుకి. పప్పుగా మారిస్తే ఇరవయ్యో వంతుకి. పనీర్‌గా మారిస్తే సగం దగ్గరే ఆగుతుంది, ఎందుకంటే కిలో పనీర్‌కి ఐదారు లీటర్ల పాలు కావాలి, ఆ పాలిచ్చేదీ నెమరువేసేదే. వరి గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు: అవును, నీళ్ళు నిలిచిన మడిలోంచీ మీథేన్ వస్తుంది. ముక్క తీసి అన్నం పెంచితే అక్కడా కొంత పోతుంది.

మా బాబుకి ఎనిమిదేళ్ళు. టిఫిన్ డబ్బాలో చికెన్ సాసేజీ, నగెట్స్ తప్ప తినడు. చికెనే కదా, పర్వాలేదా?
– ఒక తల్లి, సర్జాపుర రోడ్డు

సాసేజీ, సలామీ, హామ్ లాంటివి ఉప్పు, నైట్రైట్ పట్టించి నిలవ చేసిన మాంసం. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ వీటిని క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో పెట్టింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని లెక్క. పొగాకు అంత ప్రమాదమని కాదు. జాబితా రుజువు ఎంత గట్టిదో చెబుతుంది, ముప్పు ఎంత పెద్దదో కాదు. అయినా ఎనిమిదేళ్ళకే రోజువారీ అలవాటు కానివ్వకండి. నగెట్స్ సంగతి ఉప్పు, నూనె, పైన పిండి.

వాడికి రోజుకి కావలసిన ప్రోటీన్ 23 గ్రాములే. ఒక గుడ్డు, గ్లాసు పాలు, రెండు పెసరట్లతో ముప్పాతిక భాగానికి పైనే వచ్చేస్తుంది. డబ్బాకి కట్‌లెట్ చేయండి: 100 గ్రాముల చికెన్ ఖీమా, నానబెట్టి కాస్త పలుకుగా ఉడికించిన 100 గ్రాముల శనగపప్పు, ఒక ఉల్లిపాయ, కొత్తిమీర. పప్పులో తడి ఉంటే పెనం మీద విరిగిపోతుంది, గుడ్డమీద పరిచి ఆరబెట్టాకే రుబ్బండి. నగెట్ ఆకారంలో ఒత్తితే చాలు, సగం గొడవ తీరుతుంది.

కిడ్నీ సమస్య మూడో దశలో ఉంది. ఈ శీర్షిక చూసి మాంసం మాని పప్పులు, మొలకలు పెంచాను. బాగానే చేస్తున్నానా?
– ఒక పాఠకుడు, జయనగర

ఆగండి. ఈ పేజీలో మిగతావాళ్ళకి చెప్పిన కొలతలేవీ మీకు కావు. మీకు మొత్తం ప్రోటీన్‌కే హద్దు ఉంటుంది, కొందరికి పొటాషియానికీ. పప్పులు, మొలకలు, ఆకుకూరలు, కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. అలాగని పప్పు మీకు నిషిద్ధమని కూడా కాదు. ఈ దశలో మాంసం కంటే పప్పు ప్రోటీనే నయమని డాక్టరు చెప్పే అవకాశమూ ఉంది. తాజా పొటాషియం, క్రియాటినిన్ రిపోర్టులు పట్టుకుని వెళ్ళి, రోజుకి ఎన్ని గ్రాముల పప్పు అన్నది రాయించుకోండి. అంతవరకు కూరగాయలు చిన్న ముక్కలుగా తరిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు ఒంపేసి వండండి. తక్కువ సోడియం ఉప్పు పేరుతో అమ్మేది ఇంట్లో ఉంటే వాడకండి. అందులో సోడియం బదులు వేసేది పొటాషియమే.